ఎనర్జీ ఇంజనీరింగ్ చదవాలనుకునే వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ బ్రాంచ్ గురించి జూనియర్లు, వాళ్ళ పేరెంట్స్, వేరే బ్రాంచ్ నుంచి మాస్టర్స్‌కి ఇటు వద్దామా అని చూసేవాళ్ళు అడిగేవి ఇంచుమించు ఇవే. కొన్నిటికి జవాబు పెద్దగా ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కలే, అంతకన్నా చెప్పడానికి ఏం లేదు కాబట్టి.

అసలు ఇందులో ఏం చదువుతారు? అంతా సోలార్ ప్యానెల్సేనా?

కాదు. బ్రోషర్ మీద సోలార్ ప్యానెళ్ళు, పచ్చగడ్డిలో విండ్ టర్బైన్లు చూసి చేరతారు, చేరాక మొదటి ఏడాదిన్నర ఆవిరి, పైపులు, పంపులు, హీట్ ఎక్స్ఛేంజర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఇంకేం కనపడక ఇదేంట్రా బాబూ అనుకుంటారు. ఆ షాక్ ముందే తినేస్తే మంచిది.

శక్తి ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మారేటప్పుడు ఎంత పనికొచ్చింది, ఎంత పోయింది, పోయింది ఎటు పోయింది, దాన్ని ఆపడానికి అయ్యే ఖర్చు గిట్టుబాటవుతుందా లేదా... నాలుగేళ్ళూ ఈ నాలుగు ప్రశ్నలే తిప్పి తిప్పి అడుగుతారు. బాయిలర్ అయినా బ్యాటరీ అయినా బిల్డింగ్ అయినా అంతే. సబ్జెక్టుల పేర్లు చూస్తే థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, సర్క్యూట్స్, ఎలక్ట్రికల్ మెషీన్స్, పవర్ సిస్టమ్స్, కంట్రోల్స్, ఆ తర్వాత సోలార్, విండ్, స్టోరేజ్, న్యూక్లియర్, బిల్డింగ్ ఎనర్జీ, కొంచెం ఎకనామిక్స్, కొంచెం పాలసీ. లెక్కలు సరిచూసుకోవడం అంటే ఇష్టం ఉన్నవాళ్ళకి ఇది పండగ. ప్రపంచాన్ని కాపాడేద్దాం అనే ఊపు ఒక్కటే ఉంటే రెండో సెమిస్టర్‌కి ఆ ఊపు దిగిపోతుంది, చాలామందికి దిగడం చూశాను.

మెకానికల్ గానీ ఎలక్ట్రికల్ గానీ తీసుకుని తర్వాత ఎనర్జీలోకి రావచ్చు కదా? మళ్ళీ వేరే డిగ్రీ ఎందుకు?

రావచ్చు. ఎనర్జీ రంగంలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది అలా వచ్చినవాళ్ళే, ఇందులో దాచేది ఏం లేదు.

తేడా ఎక్కడంటే, మెకానికల్ వాళ్ళు టర్బైన్ షాఫ్ట్ దాకా వచ్చి ఆగుతారు, ఎలక్ట్రికల్ వాళ్ళు జనరేటర్ టెర్మినల్ దగ్గర మొదలుపెడతారు. ఎనర్జీ వాళ్ళకి ఇంధనం నుంచి ప్లగ్ పాయింట్ దాకా మొత్తం దారి చూపిస్తారు. మొత్తం చూడటం మంచిదే, కానీ ఇందులో ఒక పెద్ద గొయ్యి ఉంది, పది చోట్ల రెండేసి అడుగుల బావులు తవ్వితే ఏ బావిలోనూ నీళ్ళు పడవు. అన్నీ కొంచెం కొంచెం తెలిసి ఏదీ గట్టిగా రాని గ్రాడ్యుయేట్ ఇంటర్వ్యూలో చాలా ఇబ్బంది పడతాడు, ఎందుకంటే అవతల కూర్చున్నది పదేళ్ళు ఒక్క రిలేల (లైన్‌లో తేడా వస్తే పసిగట్టి కట్ చేయించే పరికరాలు) మీదో ఒక్క బాయిలర్ల మీదో పనిచేసినాయన, మొదటి ప్రశ్నే లోతుగా వస్తుంది.

అందుకని నేను అందరికీ చెప్పేది ఒకటే. థర్మల్ వైపో ఎలక్ట్రికల్ వైపో, రెండో ఏడాది అయ్యేసరికి ఒకటి తేల్చుకుని దాన్ని మెకానికల్ వాడితోనో ఎలక్ట్రికల్ వాడితోనో సమానంగా నేర్చుకోండి. మిగతాది కోర్సు ఎలాగూ నేర్పిస్తుంది. కోర్స్ పేరులో 'సస్టైనబుల్' ఉందా 'రెన్యూవబుల్' ఉందా ఉత్త 'ఎనర్జీ'యేనా అన్నది ఏమాత్రం ముఖ్యం కాదు, సిలబస్ తీసి చూడండి.

మ్యాథ్స్ ఎంత రావాలి?

కాలిక్యులస్ భయం లేకుండా రావాలి. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు హీట్ ట్రాన్స్‌ఫర్‌లో రోజూ తగులుతాయి, కాంప్లెక్స్ నంబర్లు లేకుండా ఏసీ సర్క్యూట్ ఒక్క అడుగు ముందుకెళ్ళదు, మ్యాట్రిక్స్‌లు లోడ్ ఫ్లో (ఏ లైన్‌లో ఎంత కరెంట్ పోతోందో లెక్కించడం) దగ్గర కావాలి. స్టాటిస్టిక్స్‌ని అందరూ చిన్నచూపు చూస్తారు గానీ గాలి వేగం, ఎండ, రేపటి డిమాండ్ ఇవన్నీ స్టాటిస్టిక్సే. మ్యాథ్స్‌లో టాపర్ అవ్వక్కర్లేదు, వచ్చిన జవాబు సైజు సరిగ్గా ఉందా లేదా అనిపించే సెన్స్ ఉంటే చాలు. ఇంటి పైకప్పు మీద ప్యానెల్స్‌కి లెక్కేస్తే 40 మెగావాట్లు వచ్చిందనుకోండి, ఎక్కడో సున్నాలు జారాయని మనకే అనిపించాలి.

కిలోవాట్, కిలోవాట్ అవర్ రెండూ ఒకటే కదా?

కాదండీ! పేపర్లలో కూడా 'గంటకి ఇన్ని కిలోవాట్లు' అని రాసేస్తుంటారు, అందుకే ఈ గందరగోళం పోదు. కిలోవాట్ అంటే ఆ క్షణంలో ఎంత వేగంగా శక్తి వాడుతున్నామో చెప్పేది, అందులోనే 'సెకనుకి' అన్నది ఉంది. కిలోవాట్ అవర్ అంటే మొత్తం ఎంత వాడామో చెప్పేది. 1 కిలోవాట్ హీటర్ గంటసేపు ఆన్‌లో ఉంటే 1 కిలోవాట్ అవర్, అంటే 3.6 మెగాజౌళ్ళు, కరెంట్ బిల్లులో యూనిట్ అనేది అదే.

ఇక్కడ ఒక లెక్క చెప్తా, మొదటి వారంలోనే ఇది చేయించాలి అని నా ఉద్దేశం. ఒక టన్ను నీళ్ళని 100 మీటర్ల ఎత్తుకి ఎక్కించాలంటే ఎంత శక్తి కావాలి? వెయ్యి కిలోలు ఇంటూ 9.81 ఇంటూ 100, అంటే 981 కిలోజౌళ్ళు, యూనిట్లలో చూస్తే 0.27. అంతే! 30 అంతస్తుల బిల్డింగ్ మీదకి టన్ను నీళ్ళు ఎక్కించడానికి యూనిట్‌లో నాలుగో వంతు చాలు (పంపు నష్టాలు పక్కన పెడితే). అదే టన్ను నీళ్ళని ఒక్క డిగ్రీ వేడి చేయాలంటే 1.16 యూనిట్లు కావాలి, నాలుగు రెట్లు పైనే.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలా విషయాలు వాటంతట అవే అర్థమవుతాయి. పంప్డ్ హైడ్రో స్టోరేజ్‌కి (నీళ్ళు పైకెక్కించి దాచి, కావాల్సినప్పుడు కిందకి వదిలి కరెంట్ తీయడం) అంతంత పెద్ద రిజర్వాయర్లు ఎందుకు కావాలో తెలుస్తుంది, ఎత్తులో దాచే శక్తి అంత పలచన కాబట్టి. ఇంట్లో గీజర్ అంత కరెంట్ ఎందుకు తాగుతుందో తెలుస్తుంది. వేడికి సంబంధించిన ఏ పనైనా బిల్లులో ఎందుకు పైన కూర్చుంటుందో కూడా తెలుస్తుంది.

థర్మోడైనమిక్స్ అంటే సీనియర్లు ఎందుకు అంత భయపెడతారు?

మొదటి సూత్రం ఎవరినీ భయపెట్టదు, శక్తి పుట్టదు చావదు, అది స్కూల్లోనే విన్నాం. తల తినేది రెండో సూత్రం. శక్తి ఎంత ఉంది అని కాదు, ఎంత పనికొస్తుంది అని అడుగుతుంది అది. సముద్రంలో ఉన్న వేడి లెక్కేస్తే అంకె భయంకరంగా ఉంటుంది, కానీ చుట్టూ అంతా అదే టెంపరేచర్‌లో ఉంటే దానితో ఒక్క బల్బు కూడా వెలిగించలేం.

1824లో సాడీ కార్నో అనే ఫ్రెంచ్ ఇంజనీర్, అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు, ఆవిరి ఇంజన్ల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ఏ హీట్ ఇంజన్‌కైనా గరిష్ఠ ఎఫిషియెన్సీ రెండు టెంపరేచర్ల మీదే ఆధారపడుతుంది, లోపల ఏ వాయువు పోశావన్న దాని మీద కాదు అన్నది దాని సారం. తమాషా ఏంటంటే అప్పట్లో చాలామందిలాగే ఆయన కూడా వేడి అంటే ఒక ద్రవం లాంటిది అనుకున్నాడు, ఆ నమ్మకం తప్పు, తేల్చిన మాట మాత్రం నిలబడింది.

ఇప్పుడు అంకెలు వేసి చూడండి. ఆవిరి 600 డిగ్రీల సెల్సియస్, అంటే 873 కెల్విన్. కండెన్సర్ (వాడేసిన ఆవిరిని మళ్ళీ నీళ్ళు చేసేది) 30 డిగ్రీలు, అంటే 303 కెల్విన్. ఒకటిలోంచి 303 బై 873 తీసేస్తే 65 శాతం. ఇది ఆకాశంలో గీసిన గీత, దాన్ని ఎవడూ దాటలేడు, నిజం ప్లాంట్‌లో మంచి బొగ్గు యూనిట్ కూడా 45 శాతం దగ్గర ఆగుతుంది, పాతవి 33, 35 అలా. గ్యాస్ టర్బైన్‌లోంచి వచ్చే వేడి పొగతో మళ్ళీ ఆవిరి తయారు చేసి ఇంకో టర్బైన్ తిప్పే కంబైన్డ్ సైకిల్ ప్లాంట్లు 60 దాటాయి, ఎందుకంటే పైన టెంపరేచర్ బాగా పెంచగలిగారు, కిందకి పోయేదాన్ని వదల్లేదు. పరీక్షలో ఫార్ములా సెల్సియస్‌లో వేసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, కెల్విన్ మర్చిపోకండి.

ఈ సబ్జెక్ట్ బట్టీ పడితే రాదు. ప్రతి ప్రాబ్లమ్‌కీ ముందు ఒక డబ్బా గీయండి, లోపలికి ఏం వస్తోంది బయటికి ఏం పోతోంది బాణాలు పెట్టండి, ఆ తర్వాతే ఫార్ములా ముట్టుకోండి. ఆవిరి టేబుల్స్ చూడటం మొదట్లో విసుగ్గా ఉంటుంది, అలవాటైపోతుంది.

ఎలాగూ మూసేస్తున్నారు కదా, బొగ్గు, గ్యాస్ ప్లాంట్ల గురించి చదవడం టైమ్ వేస్ట్ కాదా?

బొగ్గు పోయినా ఆవిరి పోదు. న్యూక్లియర్ ప్లాంట్‌లో తిరిగేది ఆవిరి టర్బైనే, జియోథర్మల్‌లోనూ చాలావరకు అంతే, అద్దాలతో ఎండని ఒక టవర్ మీద పడేలా చేసే సోలార్ థర్మల్‌లో కూడా చివరికి అదే ర్యాంకిన్ సైకిల్, అంటే నీళ్ళు మరిగించి ఆవిరితో టర్బైన్ తిప్పి మళ్ళీ నీళ్ళు చేయడం. హీట్ పంప్ (చల్లటి చోటు నుంచి వెచ్చటి చోటికి వేడిని తోసేది) అంటే అదే సైకిల్‌ని వెనక్కి నడపడం లాంటిది. సైకిల్ నేర్చుకున్నవాడికి ఇంధనం మారితే పెద్ద తేడా ఉండదు.

ఇంకోటి, పాత ప్లాంట్ ఎలా నడుస్తుందో తెలియకుండా దాన్ని ఎలా తీసేయాలో, దాని బదులు ఏం పెట్టాలో చెప్పలేం.

నాకు సోలార్ మీదే ఇంట్రెస్ట్. అందులో ఇంజనీరింగ్ ఏముంది, ప్యానెల్ పెట్టడమే కదా?

పెట్టడం కాదు, పెట్టాక ఏడాదికి ఎంత వస్తుందో ముందే చెప్పి ఆ మాట మీద నిలబడటం, అక్కడ ఉంది ఇంజనీరింగ్.

ప్యానెల్ వెనక 400 వాట్లు అని స్టిక్కర్ ఉందనుకోండి. ఆ 400 ఎప్పుడు? చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ పడుతూ సెల్ టెంపరేచర్ 25 డిగ్రీలు ఉన్నప్పుడు, అంటే ల్యాబ్‌లో. మంచి ఎండలో సెల్ చల్లగా ఎక్కడుంటుంది, 65 డిగ్రీలకి సులువుగా ఎక్కుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున పడిపోతుందనుకుంటే 40 డిగ్రీల తేడాకి 14 శాతం పోయింది, 344 వాట్లకి వచ్చాం. దాని మీద దుమ్ము, వైర్లలో నష్టం, ఇన్వర్టర్ (ప్యానెల్ ఇచ్చే డీసీని ఏసీగా మార్చేది) నష్టం, పక్క బిల్డింగ్ నీడ. ఎండ ఎక్కువైతే కరెంట్ ఎక్కువ అనుకునేవాళ్ళకి, వేడి ఎక్కువైతే కరెంట్ తక్కువ అన్నది మొదటి పాఠం. చల్లటి గాలి వీస్తూ ఎండ కాసే రోజే ప్యానెల్‌కి ఇష్టం.

నీడ సంగతి ఇంకా తమాషా. ప్యానెల్‌లో సెల్స్ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్క సెల్ మీద పైపు నీడ పడినా ఆ వరస మొత్తం దెబ్బతింటుంది, అందుకే ఆ వరసని తప్పించి కరెంట్‌ని పక్కనుంచి పోనిచ్చే బైపాస్ డయోడ్లు పెడతారు.

1954లో బెల్ ల్యాబ్స్ చూపించిన సిలికాన్ సెల్ ఎఫిషియెన్సీ దాదాపు 6 శాతం, ఇప్పుడు మార్కెట్లో దొరికే ప్యానెళ్ళు 20 దాటాయి. ఒకే రకం పదార్థంతో చేసిన సెల్‌కి థియరీ ప్రకారం పైగీత 33 శాతం చిల్లర, దీన్ని లెక్కగట్టే పద్ధతి 1961లో షాక్లీ, క్వైసర్ ఇచ్చారు. దాన్ని దాటాలంటే ఒకదాని మీద ఒకటి రెండు పొరలు పెట్టాలి, పెరోవ్‌స్కైట్ (ఒక రకం క్రిస్టల్ పదార్థం) టాండెమ్ సెల్స్ అని వినపడేది అదే. మెటీరియల్స్ వైపు ఇష్టం ఉంటే అది వేరే దారి, అక్కడ కెమిస్ట్రీ, సెమీకండక్టర్ ఫిజిక్స్ గట్టిగా కావాలి, ఎనర్జీ డిగ్రీ ఒక్కటే సరిపోదు.

విండ్?

గాలి వేగం రెట్టింపైతే పవర్ ఎనిమిది రెట్లు. ఈ ఒక్క ముక్క నుంచే అన్నీ వస్తాయి: టవర్లు అంత ఎత్తు ఎందుకు, సైట్ ఎంచుకోవడానికి ముందు ఏడాది పాటు గాలి ఎందుకు కొలుస్తారు, గాలి వేగం అంచనాలో 10 శాతం తేడా వస్తే ప్రాజెక్ట్ ఎందుకు మునుగుతుంది. గాలిలో ఉన్న శక్తిలో 59.3 శాతానికి మించి ఏ టర్బైనూ లాగలేదు, దాన్ని బెట్జ్ లిమిట్ అంటారు. మొత్తం లాగేస్తే గాలి అక్కడే ఆగిపోవాలి, ఆగితే వెనక గాలి ఎలా వస్తుంది మరి. బ్లేడ్ల డిజైన్ కావాలంటే ఏరోడైనమిక్స్, స్ట్రక్చర్స్ చదవాలి.

పవర్ సిస్టమ్స్ కష్టం అంటారు, ఎలక్టివ్ కదా వదిలేయొచ్చా?

వదలొద్దు. నన్నడిగితే ఇప్పుడు ఈ రంగంలో అసలు కష్టం అంతా గ్రిడ్‌లోనే ఉంది. ప్యానెల్ చవకైంది, బ్యాటరీ చవకవుతోంది, వాటన్నిటినీ కలిపి లైట్ ఆరకుండా నడపడమే తలనొప్పి.

గ్రిడ్‌లో ప్రతి సెకనూ ఎంత వాడుతున్నామో అంత తయారవ్వాలి. తేడా వస్తే ఫ్రీక్వెన్సీ కదులుతుంది, దేశాన్ని బట్టి 50 హెర్ట్‌జ్ లేదా 60. లోడ్ ఒక్కసారిగా పెరిగితే మొదటి కొన్ని సెకన్లు ఆదుకునేది తిరుగుతున్న జనరేటర్ రోటర్ల బరువే, టన్నుల కొద్దీ ఇనుము తిరుగుతూ ఉంటుంది కదా, అది కొంచెం నెమ్మదిస్తూ తన శక్తిని ఇచ్చేస్తుంది, ఈలోపు గవర్నర్ (టర్బైన్ స్పీడ్ చూసుకునే పరికరం) వాల్వ్ తెరిచి ఆవిరి పెంచుతుంది. సోలార్ ఇన్వర్టర్‌లో తిరిగేది ఏం లేదు. సోలార్ వాటా పెరిగేకొద్దీ ఆ ఆదుకునే బరువు తగ్గుతుంది, ఆ పని ఇప్పుడు కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌తో చేయించాలి, గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు అని పరిశోధన అంతా దీని చుట్టూనే నడుస్తోంది.

తప్పితే ఏమవుతుందో చూడాలంటే పెద్ద బ్లాకౌట్ల దర్యాప్తు రిపోర్టులు చదవండి, థ్రిల్లర్ కన్నా బాగుంటాయి. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్యం, కెనడాలో 5 కోట్ల మందికి కరెంట్ పోయింది, మొదలు ఎక్కడంటే లోడ్‌కి వేడెక్కి సాగిన లైన్లు చెట్లకి తగలడం, అదే టైమ్‌కి కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ మూగబోవడం, ఆపరేటర్లకి బయట ఏం జరుగుతోందో తెలియనే తెలియలేదు. 2012 జూలై 30, 31 తేదీల్లో భారత్‌లో రెండు రోజులు వరసగా గ్రిడ్ పడింది, రెండో రోజు 60 కోట్లకి పైగా జనం ఉండే ప్రాంతం మీద ప్రభావం. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తానికీ కరెంట్ పోయింది, అక్కడ కథ వోల్టేజ్ పెరిగిపోవడం, దానివల్ల ప్లాంట్లు ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అవ్వడం. మూడూ మూడు రకాలు. ఫ్రీక్వెన్సీ ఒక్కటి కంట్రోల్ చేస్తే చాలు అనుకునేవాళ్ళకి ఆఖరిది మంచి మందు.

ల్యాబ్స్ ఎలా ఉంటాయి?

కాలేజీని బట్టి. కొన్నిచోట్ల సీనియర్ రికార్డ్ చూసి రీడింగ్స్ రాసేసుకుంటారు, అదొక పెద్ద దరిద్రం, ఎందుకంటే ఈ బ్రాంచ్‌లో బుర్రకి ఎక్కేది ల్యాబ్‌లోనే.

ఉదాహరణకి పంప్ టెస్ట్. ఒక సెంట్రిఫ్యూగల్ పంపు, మోటారుకి వేరియబుల్ స్పీడ్ డ్రైవ్, ఒక వాల్వ్, ఒక ఫ్లో మీటర్, ఒక పవర్ మీటర్, నీళ్ళు ట్యాంకులోంచి వెళ్ళి మళ్ళీ అదే ట్యాంకులో పడతాయి. ముందు ఫుల్ స్పీడ్‌లో పెట్టి వాల్వ్ తిప్పుతూ ఫ్లో 80 శాతానికి తగ్గించండి. పవర్ మీటర్ చూడండి, కొద్దిగా కదిలి అక్కడే ఉంటుంది, వాల్వ్ దగ్గర మాత్రం నీళ్ళు బుస్సుమని చప్పుడు, మీరు కట్టే కరెంట్ అక్కడ వేడిగా, చప్పుడుగా పోతోందన్నమాట. ఇప్పుడు వాల్వ్ పూర్తిగా తెరిచేసి డ్రైవ్‌లో ఫ్రీక్వెన్సీ 50 నుంచి 40కి దించండి. ఫ్లో అదే 80 శాతం. పవర్ మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది, స్పీడ్ క్యూబ్‌తో పవర్ మారుతుంది కాబట్టి, 0.8 క్యూబ్ చేస్తే 0.51. మీటర్ మీద ఆ అంకె పడటం కళ్ళారా చూసినవాడు ఫ్యాక్టరీలో సగం మూసిన వాల్వ్ కనపడితే ఆగకుండా ఉండలేడు. నీళ్ళని పై ట్యాంకుకి ఎక్కించాల్సిన చోట ఇంత లాభం రాదు, ఎత్తు మారదు కదా, స్పీడ్ మరీ తగ్గిస్తే నీళ్ళు పైకే ఎక్కవు. ఈ మాట వైవాలో చెప్తే ఎగ్జామినర్ ముఖం వెలుగుతుంది.

హీట్ ఎక్స్ఛేంజర్ ల్యాబ్‌లో వేడి నీళ్ళు పోగొట్టుకున్నదీ చల్ల నీళ్ళు తీసుకున్నదీ ఎప్పుడూ సరిపోవు. కొందరు రీడింగ్స్ దిద్ది సరిపోయేలా చేస్తారు. దిద్దొద్దు. తేడా ఎందుకొచ్చిందో రాయండి, బయటికి పోయిన వేడా, సెన్సర్ తప్పా, స్థిరపడకముందే రీడింగ్ తీశామా, ఉద్యోగంలో చేసేది ఇదే పని.

కోడింగ్ రావాలా? ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

పైథాన్ రావాలి, ఇందులో బేరం లేదు. ఏడాది మొత్తం గంట గంటకీ డేటా అంటే 8760 వరసలు, ఎక్సెల్‌లో కొంతదూరం లాగొచ్చు, తర్వాత అది మూలుగుతుంది. మ్యాట్‌ల్యాబ్ క్లాసులో ఎలాగూ నేర్పిస్తారు. డబ్బులు పెట్టకుండా దొరికేవి చాలా ఉన్నాయి: బిల్డింగ్స్‌కి ఎనర్జీప్లస్, డిస్ట్రిబ్యూషన్ నెట్‌వర్క్‌కి ఓపెన్‌డీఎస్‌ఎస్, పెద్ద గ్రిడ్ ప్లానింగ్‌కి పైథాన్‌లోనే పైప్సా, సోలార్, విండ్ ప్రాజెక్ట్ లెక్కలకి సామ్. సోలార్ కంపెనీల్లో పీవీసిస్ట్ బాగా అడుగుతారు. ఒకటి రెండు గట్టిగా వస్తే చాలు, రెజ్యూమేలో పన్నెండు పేర్లు రాసి ఒక్కదాని గురించీ నాలుగు వాక్యాలు చెప్పలేనివాళ్ళు బోలెడుమంది.

సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే ముందు చేత్తో ఒక రఫ్ లెక్క వేసి పెట్టుకోండి.

బ్యాటరీలు, హైడ్రోజన్... ఏది ఎంచుకుంటే ఫ్యూచర్ ఉంటుంది?

ఈ ప్రశ్న అడిగే పద్ధతే నాకు నచ్చదు, కానీ అందరూ అడుగుతారు కాబట్టి చెప్తా. దేని పని దానిది.

ఒక కిలో హైడ్రోజన్‌లో వాడుకోగలిగింది 33 యూనిట్ల శక్తి. నీళ్ళని విడగొట్టి ఆ కిలో తయారు చేయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంట్ పడుతుంది. దాన్ని నొక్కి దాచి, ఫ్యూయెల్ సెల్‌లో పెట్టి మళ్ళీ కరెంట్ చేస్తే సగం వస్తుంది. అంటే పెట్టిన దాంట్లో మూడో వంతు చేతికొస్తుంది. లిథియం అయాన్ బ్యాటరీలో 85 శాతం పైన తిరిగొస్తుంది. కాబట్టి పగటి సోలార్‌ని సాయంత్రానికి దాచడానికి హైడ్రోజన్ అన్నవాడిని ఈ లెక్క అడగండి. కానీ ఎరువులకి అమ్మోనియా కావాలి, ఉక్కు తయారీకి బొగ్గు బదులు ఇంకోటి కావాలి, అక్కడ బ్యాటరీ ఏం చేయలేదు, హైడ్రోజన్‌కి అక్కడే అసలు పని. బరువు సంగతి చూస్తే మంచి లిథియం సెల్ కిలోకి 250 వాట్ అవర్లు, పెట్రోల్ కిలోకి 12,000 దగ్గర, ఇంజన్‌లో చాలా భాగం వేడిగా పోయినా సరే ఆ తేడా పూడదు, దూరం వెళ్ళే విమానాలు బ్యాటరీ మీద ఎగరకపోవడానికి కారణం ఇదే.

ఇంజనీరింగ్‌లో ఎకనామిక్స్ ఎందుకు పెట్టారు? స్కోరింగ్ సబ్జెక్టా?

స్కోరింగే, కానీ అందుకోసం కాదు. సోలార్ ప్లాంట్‌కి ఖర్చంతా మొదటి రోజే, తర్వాత ఇంధనం ఫ్రీ. గ్యాస్ ప్లాంట్ కట్టడం చవక, జీవితాంతం గ్యాస్ కొంటూనే ఉండాలి. అందువల్ల వడ్డీ రేటు పెరిగితే సోలార్‌కి దెబ్బ ఎక్కువ, గ్యాస్ ధర పెరిగితే రెండోదానికి. డిస్కౌంట్ రేట్ (రేపు వచ్చే రూపాయిని ఇవాళ ఎంతకి లెక్కేయాలో చెప్పే రేటు) మార్చి ఒకే ప్రాజెక్ట్‌ని లాభంగానూ చూపించొచ్చు నష్టంగానూ చూపించొచ్చు, ఎవరైనా యూనిట్ ఖర్చు ఇంత అని స్లయిడ్ వేస్తే ఏ రేటు పెట్టారు, ఎన్నేళ్ళకి లెక్కేశారు అని అడగడం నేర్పే సబ్జెక్ట్ ఇది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి మంచి టాపిక్ చెప్పండి?

'స్మార్ట్ గ్రిడ్ యూజింగ్ ఏఐ' తప్ప ఏదైనా! సరదాకి అన్నా, కానీ నిజంగానే కొలవగలిగేది ఏదైనా తీసుకోండి. నా ఓటు మాత్రం ఎనర్జీ ఆడిట్‌కి. మీ హాస్టల్ గానీ లైబ్రరీ గానీ తీసుకుని కరెంట్ ఎటు పోతోందో పట్టిక వేయండి, క్లాంప్ మీటర్‌తో కొలవండి, అర్ధరాత్రి అందరూ పడుకున్నాక లోడ్ ఎంతుందో చూడండి, అక్కడే దొరుకుతాయి దొంగలు. మీరు విడివిడిగా కొలిచినవన్నీ కలిపినా మెయిన్ మీటర్ అంకెకి రావు, ఆ తేడాని వెతకడమే ప్రాజెక్ట్. ఐఎస్ఓ 50001 అని ఎనర్జీ మేనేజ్‌మెంట్‌కి ఒక ప్రమాణం ఉంది, 2011లో మొదలైంది, కంపెనీల్లో ఈ పని ఆ పద్ధతిలోనే సాగుతుంది కాబట్టి రిపోర్ట్ దాని ఆకారంలో రాస్తే ఇంటర్వ్యూకి కూడా పనికొస్తుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

సిలబస్ పీడీఎఫ్ తెరిచి థర్మో, ఫ్లూయిడ్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, మెషీన్స్, పవర్ సిస్టమ్స్ ఫుల్ సబ్జెక్టులుగా ఉన్నాయా, లేక 'ఇంట్రడక్షన్ టు' అని మొదలయ్యే పేర్లే ఎక్కువ ఉన్నాయా చూడండి. రెండోది అయితే ఆలోచించండి. ల్యాబ్‌కి వెళ్ళి చూడనిస్తారా అడగండి, పరికరాల మీద ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయకుండా ఉంటే విషయం అర్థమైపోతుంది. ఆఖరి బ్యాచ్ వాళ్ళతో మాట్లాడండి, వెబ్‌సైట్‌లో నవ్వుతున్నవాళ్ళతో కాదు, మామూలు వాళ్ళతో. ఇంకో ముఖ్యమైన విషయం, ఉద్యోగ నోటిఫికేషన్లలో 'మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ మాత్రమే' అని ఉండే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి, మీరు పనిచేయాలనుకునే చోట ఈ డిగ్రీని ఒప్పుకుంటారా లేదా చేరకముందే కనుక్కోండి, చేరాక తెలిస్తే ఏం లాభం.

ఉద్యోగాలు ఎక్కడుంటాయి? ఎండలో తిరగాలా?

కొన్నిట్లో తిరగాలి. సైట్ ఉద్యోగాలంటే హెల్మెట్, షూ, దుమ్ము, మొదటి రెండు మూడేళ్ళు అలా చేసినవాళ్ళకి తర్వాత డిజైన్‌లో కూర్చున్నప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆఫీసు వైపు చూస్తే గ్రిడ్ ఆపరేషన్, లోడ్ ఫోర్‌కాస్టింగ్, సోలార్ డిజైన్, విండ్ సైట్ అంచనా, ఫ్యాక్టరీ ఆడిట్లు, పెద్ద బిల్డింగుల ఏసీ సిస్టమ్స్, ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ కూలింగ్, బ్యాంకులకి ప్రాజెక్టులు సరిచూసి పెట్టే కన్సల్టింగ్. డేటా సెంటర్ల కూలింగ్ ఈమధ్య బాగా పెరిగింది, సర్వర్‌కి పోయే ప్రతి వాట్ చివరికి వేడే కాబట్టి దాన్ని బయటికి పంపేవాడు కావాలి.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళతో పోల్చుకుంటే నిద్ర పట్టదు, పోల్చుకోకండి.

మాస్టర్స్ చేయాలా?

రీసెర్చ్, గ్రిడ్ స్టడీస్, మెటీరియల్స్ వైపు అయితే చేయాలి. ప్లాంట్, ఆడిట్ వైపు అయితే రెండేళ్ళు పనిచేసి చూసుకుని అప్పుడు చేయండి, ఏం చదవాలో అప్పటికి మీకే తెలుస్తుంది. వేరే బ్రాంచ్ నుంచి ఇటు వచ్చేవాళ్ళలో కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి కోడింగ్ బలం, థర్మోలో తిప్పలు. సివిల్ వాళ్ళు బిల్డింగ్ ఎనర్జీలో బాగా నిలదొక్కుకుంటారు.

చేరేలోపు రెండు నెలలు ఖాళీ, ఏమైనా చదవాలా?

పుస్తకాలు అక్కర్లేదు. ఒక ప్లగ్ ఇన్ పవర్ మీటర్ దొరికితే ఫ్రిజ్‌కి పెట్టండి. ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద 150 వాట్లు అని ఉంటే రోజంతా 24 గంటలు ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి 3.6 యూనిట్లు రావాలి అని లెక్క వేస్తారు, మీటర్ అంతకన్నా చాలా తక్కువ చూపిస్తుంది. కంప్రెసర్ ఎంతసేపు తిరుగుతోంది ఎంతసేపు ఆగుతోంది వాచీ పెట్టుకుని రాసుకోండి, తలుపు పదే పదే తీసిన రోజుకీ ఇంట్లో ఎవరూ లేని రోజుకీ తేడా చూడండి, ఎండ ముదిరిన రోజుకి ఇంకోసారి చూడండి. ఆ కాగితం దాచుకోండి, రిఫ్రిజిరేషన్ సైకిల్ క్లాస్ మొదలైన రోజు బయటికి తీయొచ్చు.